ధర్మం పుస్తకంలోని బస్తాలు

పుంగనూరు చింతపండు మండీల్లో ఆ రోజుల్లో రాసే బిల్లు ఎలా ఉండేదో నాకు ఇప్పటికీ బాగా గుర్తు. పైన బస్తాలు ఎన్ని, తూకమెంత, వెల ఎంత. దాని కింద అమ్మకం పన్ను. పన్ను కింద హమాలీ కూలి. అన్నిటికీ అడుగున, మొత్తానికి సరిగ్గా పైన, ‘ధర్మం’ అని అచ్చు వేసిన ఒక చిన్న వరుస. బస్తాకు ఒక రూపాయి. కొనేవాడు చింతపండు వెలకు అరగంట బేరమాడేవాడు, హమాలీ కూలికి గొణిగేవాడు, పన్ను చూసి మొహం మాడ్చుకునేవాడు. ధర్మం దగ్గర మాత్రం నోరెత్తేవాడు కాదు. ఆ రూపాయి వ్యాపారి జేబులోకి పోదని, ఎండాకాలంలో చలివేంద్రానికో పశువుల నీళ్ల తొట్టికో దిక్కులేని శవానికో పోతుందని అందరికీ తెలుసు.

ఆ రూపాయి మీద పన్ను కట్టాలా వద్దా అన్న పేచీ ఒకటి తొంభైల చివర్లో నా దగ్గరికి వచ్చింది. నేను చూసిన కేసుల్లో అది చాలా చిన్నది. నాకు నా వృత్తిని నేర్పింది మాత్రం అదే.

నేను ఆ దశాబ్దం మొదట్లో మదనపల్లెలో ఒక పెద్దాయన దగ్గర టైపిస్టుగా చేరాను. ఆయన అమ్మకం పన్ను కేసులు చూసే ప్రాక్టీషనరు. కొన్నేళ్లకు చూపు మందగించి ఆయన పని మానుకున్నాడు. అప్పటికి నోటీసులకు జవాబులు రాయడం, రిటర్నులు నింపడం, ఆఫీసర్ల ముందు నిలబడి మాట్లాడడం నాకు వచ్చేశాయి. కావలసిన అనుమతి తెచ్చుకుని, ఆయన బల్ల ముందు, ఆయన బీరువా పక్కన నేనే కూర్చున్నాను. జనం నన్ను ఆడిటరమ్మ అన్నారు. నేను ఆడిటర్ని కాదని, ఆ చదువు చదవలేదని రెండేళ్లు చెప్పి చూశాను. ఎవరూ వినకపోతే చెప్పడం మానేశాను.

మా చర్చి సంఘంలో నాకు ఇంకో పేరుండేది, సుంకరమ్మ. బైబిలు వాక్యంలో సుంకరులను, అంటే పన్ను వసూలు చేసేవాళ్లను, ఎప్పుడూ పాపులతో కలిపే చెప్తారు. సండే స్కూల్లో కంఠతా పట్టిన రోజుల నుంచీ నాకు తెలిసిన సంగతే. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన అందరి ముందూ, “ఏమ్మా, నీ పనికి లేఖనాల్లో ఒక్క మంచి మాటన్నా ఉండాదా?” అని నవ్వాడు. “ప్రభువు సుంకరి ఇంట్లో కూర్చుని అన్నం తిన్నాడు గదప్పా. మీ ఇంటికి ఎప్పుడొస్తాడో కనుక్కుని సెప్పండి, నేనూ వస్తాను” అన్నాను. ఆ తర్వాత ఆయన నన్ను కదిలించలేదు. ఆయన ఇంటిపన్ను కాగితాలు కూడా నా దగ్గరికే వచ్చేవి.

నా మట్టుకు నాకు విశ్వాసానికీ పన్నుకూ ఎన్నడూ తగాదా లేదు. నెల మొదట్లో దేవుడికి దశమ భాగం తీసి పక్కన పెట్టి, మిగిలిన దానితో ఇల్లు నడిపే ఇంట్లో పుట్టినదాన్ని. చేతిలోకి వచ్చిందంతా మనది కాదని మాకు చిన్నప్పుడే నేర్పారు. యజమాని వేరు, గృహనిర్వాహకుడు వేరు. నిర్వాహకుడి చేతిలో సంచి ఉంటుంది, సంచిలోది అతనిది కాదు. పన్ను చట్టం పుస్తకాలు మొదటిసారి చదివినప్పుడు వాటిలో కూడా ఈ మాటే, కాస్త మొరటు భాషలో కనబడింది.

ఫిబ్రవరి వచ్చిందంటే నా వరండా నిండా బడిపంతుళ్లే ఉండేవారు. ఏడాది పొడుగునా పన్ను మాట తలవని వాళ్లకు ఆ నెల జీతంలో ఒకేసారి కోత పడేది. ఇన్సూరెన్సు రసీదులు, పోస్టాఫీసు సర్టిఫికెట్లు సంచిలో నుంచి ఒక్కొక్కటే తీస్తూ, “మేడం, ఇది పనికొస్తుందా? ఇది?” అని అడిగేవారు. వాళ్ల సంగతి సులభం. సంపాదించింది వాళ్లది. అందులో కొంతవరకు సర్కారు ముట్టుకోదు, పొదుపు చేసినదానికి కొంత రాయితీ ఇస్తుంది, మిగతాదాని మీద భాగం అడుగుతుంది. వ్యాపారికి మాత్రం రెండు రకాల పన్నులు. ఒకటి పంతులు లాగానే తన లాభం మీద కట్టేది. రెండోది అమ్మకం పన్ను. అది కొనేవాడి దగ్గర వసూలు చేసి సర్కారుకు అందించేది. దాంట్లో వ్యాపారి వట్టి చేయి మాత్రమే. తన సొమ్ము నుంచి ఏమీ పోదు. అయినా ఆ రెండోదాన్ని కట్టడానికే వ్యాపారులు ఎక్కువ ఏడ్చేవారు. చేతిలో నెల రోజులున్న డబ్బు సొంత డబ్బులా అనిపించడం మనిషి గుణం.

ఒక ఏప్రిల్ పొద్దున పుంగనూరు నుంచి చింతపండు వ్యాపారి ఒకాయన వచ్చాడు. నా పాత కక్షిదారే. యాభై అయిదు దాటిన మనిషి. ఏడాదికోసారి లెక్కలు ఇచ్చి, అడిగిన చోట సంతకం పెట్టి వెళ్లిపోయేవాడు. ఆ రోజు చెప్పులు వాకిట్లో విసిరి, నోటీసు నా బల్ల మీద పెట్టాడు.

“దేవుడికి కూడా పన్నేస్తారామ్మా వీళ్లు?”

చదివాను. బిల్లుల్లో ధర్మం పేరుతో వసూలు చేసిన సొమ్మును అమ్మకాల మొత్తంలో ఎందుకు కలపకూడదో పదిహేను రోజుల్లో చెప్పుకోవాలని ఉంది.

“దేవుడికి కాదప్పా, నీకే వేస్తాండారు. నువ్వు దేవుడి పేరు సెప్పి తింటాండావేమోనని వాళ్ల అనుమానం” అన్నాను.

“నేనా? ఆ రూపాయా?” ఆయన కూర్చున్నవాడు లేచాడు. “మా తాత కాలం నుంచి ఉండాదమ్మా అది. అప్పుడు అణా. దాంట్లో ఒక్క పైసా నేను తాకింటే నా సెయ్యి పడిపోనీ.”

“సెయ్యి పడిపోతే సంతకం ఎవరు పెడతారు? గమ్మున కూర్చో. లెక్క ఉండాదా?”

“ఉండాది. నా ఆడమనిషి తావ ఉండాది. పైసాతో సహా రాస్తాది.”

నాకు ధైర్యం వచ్చింది. ఆ రూపాయి ఆయన చేతికి వచ్చినా అది ఆయనది కాదని, వచ్చింది వచ్చినట్టు ధర్మానికే ఖర్చయిందని చూపిస్తే చాలు. గృహనిర్వాహకుడి వాదన. దీని మీద నాకంటే గట్టిగా మాట్లాడగలిగేవాళ్లు ఆ జిల్లాలో లేరనుకున్నాను. పుస్తకం తెమ్మన్నాను.

“తేవడానికి కాదమ్మా. నా ఆడమనిషి దాన్ని గడప దాటనీదు. నువ్వే రావల్ల” అన్నాడు. వెళ్తూ వెళ్తూ వాకిట్లో ఆగి, మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊరి దారిలో ఒక ఇంటి స్థలం కొన్నట్టు చెప్పాడు. భార్యకు చాలా కాలంగా దగ్గు. ఇల్లూ మండీ ఒకే చోట కావడంతో పొద్దస్తమానం చింతపండు దుమ్ము. ఆ దుమ్ములో నుంచి బయట పడితే తప్ప తగ్గదని డాక్టరు చెప్పాడట. “వచ్చే ఏడాది ఈ టైముకు ఈడ ఇల్లు కట్టేస్తామమ్మా. అప్పుడు నువ్వు పిలిస్తే నడిసే వస్తాను” అన్నాడు. అంతసేపటిలో ఆయన నవ్వింది అప్పుడే.

ఆ శనివారం బస్సెక్కి పుంగనూరు వెళ్లాను. పెద్ద ఇల్లు. వాకిట్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీస్తున్నారు. వెనక రెండు గదుల నిండా పైకప్పు దాకా బస్తాలు. పులుపు వాసన గొంతులో పట్టుకుంది. వ్యాపారి భార్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఎదురొచ్చి, నాకు మజ్జిగ ఇచ్చి, కాళ్ల నుంచి తల దాకా ఒకసారి చూసింది.

“నువ్వేనా ఆడిటరమ్మ? లావుగా ఉంటావనుకున్నా.”

“ఫీజులు సరిగ్గా ఇస్తే లావయ్యేదాన్నే అమ్మా.”

“ఈయప్ప ఇయ్యడా? నాకు సెప్పు పాపా, నేను ఇప్పిస్తా.” భర్త వైపు చూసి నవ్వబోతే దగ్గొచ్చింది. చాలాసేపు దగ్గింది. ఆయన తలుపు దగ్గర నిలబడి, ఏమీ చేయలేక, తుండుగుడ్డ విదిలించాడు. దగ్గు ఆగాక ఆమె, “మీ గుళ్లో కూడా లెక్కలు రాస్తారంట గదా?” అంది.

“రాస్తామమ్మా. నెలకోసారి అందరి ముందూ సదువుతాం కూడా.”

“సదివితే జనం నిద్రపోరా?”

“పోతారు. సందా ఇయ్యనోళ్లు ముందు నిద్రపోతారు.”

ఆ మాటతో ఆమెకూ నాకూ జత కుదిరింది. లోపలికి వెళ్లి, దీపం గూటి పక్కన పసుపు గుడ్డలో చుట్టి పెట్టిన పుస్తకాలు నాలుగు తెచ్చి నా ముందు పెట్టింది. ఒక్కొక్కటి రెండేళ్లకు సరిపోయేది. ఆమె చదువు అయిదో తరగతి. అక్షరాలు పెద్దవి, గుండ్రనివి, ఎక్కడా కొట్టివేత లేదు. సాయంత్రం కాటా వేసే మనిషి వచ్చి ఆ రోజు ఎన్ని బస్తాలు పోయాయో చెప్తాడు. ఆమె అన్ని రూపాయలు గల్లాపెట్టె నుంచి లెక్కపెట్టి తీసి ఇత్తడి చెంబులో వేసి, పుస్తకంలో రాస్తుంది. ఎడమ పక్క వచ్చింది, కుడి పక్క పోయింది.

కుడి పక్క చదువుతుంటే నాకు కళ్లు చెమ్మగిల్లాయి. చలివేంద్రానికి కుండలు, నీళ్లు పోసే ముసలామెకు కూలి. బైరెడ్డిపల్లె దారిలో గొర్రెలోళ్ల పల్లెకు, బావులు ఎండిన ఏడు, ట్యాంకరు నీళ్లు. అక్కడే తొట్టి కట్టడానికి సిమెంటు. బస్టాండులో చనిపోయిన బిచ్చగాడికి కొత్త గుడ్డ, కట్టెలు. ఏ నెలా చెంబులో పెద్దగా మిగిలింది లేదు, ఒక్కసారి కూడా ఇంటి ఖర్చుకు కదిలింది లేదు. మా సంఘం లెక్కలు కూడా ఇంత శుభ్రంగా ఉండేవి కావు. కేసు గెలిచేసినట్టే అనిపించింది.

వాదనకు మద్దతుగా నెలవారీ మొత్తాలు రాసుకుందామని వ్యాపారి అమ్మకాల లెడ్జరు కూడా అడిగి పక్కన పెట్టుకున్నాను. ఆ లెడ్జరు నుంచే ప్రతి ఏడూ నేను రిటర్నులు వేసేది. ఫిబ్రవరి తీశాను. లెడ్జరులో అమ్మిన బస్తాలు ఆరు వందల చిల్లర. ధర్మం పుస్తకంలో ఆ నెల జమ తొమ్మిది వందలు దాటింది.

కూడికలో తప్పు పోయిందేమోనని మళ్లీ కూడాను. తప్పు లేదు. మార్చి చూశాను. అదీ అంతే. వెనక్కి పోయి ముందటి ఏడు చూశాను. పంట కాలం నెలలన్నిట్లోనూ ధర్మం పుస్తకం ముందుంది, లెడ్జరు వెనకబడి ఉంది. బస్తాకు రూపాయి. తొమ్మిది వందల రూపాయలంటే తొమ్మిది వందల బస్తాలు. ఎక్కడికి పోయాయి మిగతావి?

“అప్పా, ఈడికి రా” అన్నాను.

ఆయన వచ్చి, నా వేలు ఎక్కడుందో చూశాడు. చూడగానే అర్థమైంది ఆయనకు. మొహం నల్లబడింది.

“కుప్పం సంతకు పోయే సరుకమ్మా అది” అన్నాడు చివరికి. “ఆడికి తమిళోళ్లు, కన్నడమోళ్లు వస్తారు. బిల్లు రాస్తే పన్ను పడతాది, వెల పెరగతాది, మాకొద్దంటారు. బిల్లు లేకుండా తీసుకునేటోళ్లు పక్క మండీలో ఉండారు. నేనొక్కణ్ణే బిల్లు రాస్తానని కూర్చుంటే నా తావకు ఎవరొస్తారు?”

“బిల్లు లేకుండా అమ్మినావు సరే. ఆ బస్తాలకు ధర్మం ఎట్ల తీసుకున్నావు?”

ఆయన నన్ను వింతగా చూశాడు. “బిల్లు లేకపోతే ధర్మం లేకుండా పోతాదా ఏందమ్మా? వాళ్లు అడక్కుండానే ఇస్తారు. ఎట్ల తీసుకోకుండా ఉండేది?”

ఆ మాటలో కపటం లేదు. సర్కారు దగ్గర బస్తా దాచడం ఆయనకు వ్యాపారం. దేవుడి దగ్గర దాచడం అన్న ఆలోచనే ఆయన బుర్రలోకి రాలేదు. అలా తన దాపరికం మొత్తానికీ తానే సాక్ష్యం తయారు చేసి, పసుపు గుడ్డలో చుట్టి, దీపం పక్కన భద్రంగా పెట్టించుకున్నాడు.

ఇప్పుడు సంగతి సూటిగా ఉంది. ధర్మం మీద పన్ను తప్పించుకోవాలంటే ఈ పుస్తకం చూపించాలి. చూపిస్తే దాచిన బస్తాలన్నీ బయట పడతాయి. వాటి మీద పన్ను, ఆ పైన జరిమానా. వేలతో తీరేది కాదు. ఆఫీసరు చేతిలో బిల్లులు తప్ప ఏమీ లేవు. ఆయనకు ఈ పుస్తకం ఉందని కూడా తెలియదు.

నేను ఏం చెప్పానో దాచకుండా రాస్తాను. “అప్పా, ధర్మం మీద పన్ను కట్టేద్దాం. చిన్న మొత్తమే. అమ్మకాల్లో కలిపేసుకోండని ఒక జవాబు రాసిస్తాను. ఈ పుస్తకం మాట ఎత్తొద్దు” అన్నాను. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు.

ఆయన భార్య, “జవాబులో ఏమని రాస్తావు పాపా?” అంది.

“ధర్మం సొమ్ము కూడా మా వ్యాపారంలోదేనని.”

“అంటే మా సొమ్మేనని.”

“కాగితం మీద అంతేనమ్మా.”

“ఇన్నేండ్లు నేను రాసింది మా ఇంటి ఖర్చా అయితే? ఆ బిచ్చగాడి గుడ్డ, ఆ గొర్రెలోళ్ల తొట్టి?” ఆమె పుస్తకం నా ముందుకు జరిపింది. “దీంట్లో దొంగలెక్క యాడన్నా కనపడిందా నీకు?”

“లేదమ్మా.”

“మరి దాయాల్సింది దీన్నా, ఈయప్ప పుస్తకాన్నా?”

“గమ్మునుండవే” అని ఆయన అరిచాడు. “స్థలం పోతాది. తెలస్తాండాదా నీకు? అంగళ్లు స్థలం అమ్మితే గానీ తీరదు. ఆడికి పోకపోతే నీ దగ్గు...” అంటూ ఆగిపోయాడు.

ఆమె పుస్తకాలు నాలుగూ పసుపు గుడ్డలో చుట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

తిరుగు బస్సులో నేను సరైన సలహా ఇచ్చానని నాకు నేనే చెప్పుకున్నాను. కక్షిదారుకు నష్టం తగ్గించడం నా పని. మరునాడు ఆదివారం స్త్రీల కూటంలో ప్రార్థన నడిపే వంతు నాది. లేచి నిలబడ్డాను. దేవునిదైన దాన్ని ఒక మనిషిదని కాగితం మీద రాసి, దాని కింద సంతకం పెట్టమని చెప్పి వచ్చినదాన్ని. దానికి మా పరిశుద్ధ గ్రంథంలో అబద్ధ సాక్ష్యమని పేరు. ప్రార్థన ఇంకొకామెను చేయమని కూర్చున్నాను. ఆ రోజు నా మోకాళ్ల మీద నేను అడిగింది క్షమాపణ ఒక్కటే. దొరికిందన్న నమ్మకంతోనే లేచాను. సోమవారం పుంగనూరు వెళ్లి నా సలహా వెనక్కి తీసుకోవాలని నిశ్చయించుకున్నాను.

నేను బయల్దేరక ముందే ఆయన వచ్చాడు. రెండు రోజుల్లో మనిషి వాడిపోయాడు.

“పుస్తకం రాయడం మానేసిందమ్మా” అన్నాడు. “కాటా మనిషి వచ్చి ఇన్ని బస్తాలని సెప్తే, ‘నాకెందుకు సెప్తావు? అది మీ అప్ప సొమ్మంట, ఆయనకే సెప్పు’ అంటాది. చెంబు తిరగేసి పెట్టింది. అన్నం పెడతాది, మాట్లాడదు.”

“నేను సెప్పింది తప్పప్పా. నేనే వచ్చి ఆ మాట సెప్పాలనుకుంటాండాను.”

“నువ్వు కూడానా?” అన్నాడు. కోపం కాదది, నీరసం. “ఎంత పడతాదో లెక్కేయమ్మా.”

వేశాను. ఆయన ముందే, ఒక్కో ఏడూ వేసి చూపించాను. వాళ్లే వచ్చి పట్టుకుంటే జరిమానా పన్నుకు కొన్ని రెట్లవుతుందని, మనమే వెళ్లి ఒప్పుకుంటే తగ్గించమని అడిగే వీలుంటుందని, అంతకు మించి నేను మాటివ్వలేనని చెప్పాను. అడుగున అంకె చూసి ఆయన కళ్లు మూసుకున్నాడు. అంగళ్లు స్థలం వెల, ఇంకొంచెం.

“రాత్రి అడిగినా దాన్ని. స్థలం పోతాదే, నీ దగ్గు సంగతేందే అని. రెండు దినాల తర్వాత అప్పుడు మాట్లాడింది. ‘దగ్గు నాది, నేను పడతా. పుస్తకం దేవుడిది, దాన్ని నాశనం సేయొద్దు’ అన్నింది.” తుండుగుడ్డ భుజాన వేసుకుని లేచాడు. “రాయమ్మా. ఉండేది ఉన్నట్టు రాయి.”

విచారణ రోజు ముగ్గురం వెళ్లాం. పుస్తకం గడప దాటాలంటే తాను వెంట ఉండాలని ఆమె పట్టుబట్టి వచ్చింది. ఆఫీసరు నలభై లోపు మనిషి, ముక్కుసూటిగా మాట్లాడతాడని పేరు. నేను రాసిన జవాబు చదివి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. పసుపు గుడ్డ విప్పి పుస్తకం తెరిచి చాలాసేపు పేజీలు తిప్పాడు.

“ఇది రాసిందెవరు?”

“నేనే సారూ” అంది ఆమె.

“మా దగ్గర బిల్లులు తప్ప ఏమీ లేవమ్మా. ఇది ఎందుకు తెచ్చి చూపిస్తున్నారు?”

“ధర్మం మాది కాదని సెప్పాలంటే ఇది సూపాల. ఇది సూపితే అది కనపడతాది. రెండింట్లో ఒకటి సూపడానికి ఎట్లవతాది సారూ?”

ఆఫీసరు నవ్వు ఆపుకోవడానికి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. నేను లేచి గృహనిర్వాహకుడి వాదన, చట్టం మాటల్లో, నాకు వచ్చినంత గట్టిగా వినిపించాను. ఆయన అంతా విని తల ఊపాడు.

“మేడం, ఈ వాదన ఇన్‌కం టాక్స్ వాళ్ల ముందు నిలబడుతుంది. అక్కడ అడిగేది ఇది నీ సంపాదనా అని. ఇది వీళ్ల సంపాదన కాదు, ఈ పుస్తకం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. నేను అడిగేది వేరు. సరుకు బయటికి పోవాలంటే కొనేవాడు ఎంత ఇవ్వాలి? బిల్లులో అచ్చు వేసి, ఇవ్వక తప్పని చోట పెట్టారు కాబట్టి ఆ రూపాయి కూడా అమ్మిన ధరలో భాగమే. అది తర్వాత ఎవరికి పోయిందన్నది నేను చూడను. ఒక హుండీ పెట్టి, ఇష్టమున్నవాళ్లు వేయండి అంటే అప్పుడు అది ధరలోకి రాదు.”

అలా నేను గెలిచేశాననుకున్న కేసు ఓడిపోయాను. ఓడిపోయినందుకు నాకు బాధ కలగలేదు. ఒకే రూపాయిని రెండు చట్టాలు రెండు ప్రశ్నలు అడుగుతాయని, ముందు ప్రశ్న ఏమిటో తెలుసుకుని తర్వాత జవాబు వెతకాలని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత కొన్నేళ్లకు అమ్మకం పన్ను స్థానంలో వ్యాట్ వచ్చి పాత ఫారాలన్నీ చెత్తబుట్టలోకి పోయినప్పుడు, మా వీధిలో పాతకాలం ప్రాక్టీషనర్లంతా బెంబేలెత్తినప్పుడు, నన్ను నిలబెట్టింది ఆ పాఠమే.

దాచిన బస్తాల మీద పన్ను పూర్తిగా పడింది. వాళ్లంతట వాళ్లే వచ్చి చెప్పారని రాసుకుని ఆఫీసరు జరిమానా తన చేతిలో ఉన్నంత మేరకు తగ్గించాడు, వాయిదాలు ఇచ్చాడు. అయినా స్థలం నిలవలేదు. నెల తిరగకుండానే అమ్మేశారు. రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఆయన నేరుగా నా దగ్గరికి వచ్చి, చలానా రాయించుకుని, బ్యాంకులో కట్టి, రసీదు ఫైలులో పెట్టమని ఇచ్చాడు. నేను ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. పరలోకంలో ప్రతిఫలం ఉంటుందని చెప్పడం నాకు తేలికే. అంగళ్లులో ఇల్లు పోగొట్టుకున్నవాడికి అది చెప్పే హక్కు నాకు లేదనిపించింది.

బిల్లు లేని సరుకు ఆపేశాడు. కుప్పం బేరగాళ్లలో సగం మంది పక్క మండీకి వెళ్లిపోయారు. కొత్త బిల్లుల పుస్తకంలో ధర్మం వరుస తీసేయించి, కాటా పక్కన తాళం వేసిన డబ్బా వేలాడదీశాడు. ఎవరూ వేయరని ఆయన భయం. వేశారు. పక్క మండీకి పోయిన వాళ్లు కూడా దారిలో ఆగి వేసి పోయేవారట.

తర్వాతి ఏడు లెక్కల కోసం నేను పుంగనూరు వెళ్లేసరికి వాకిట్లో చింతపండు లేదు. ఆడవాళ్లు లేరు. వెనక గదులు ఖాళీగా, కొత్త సున్నంతో ఉన్నాయి. గొంతులో పులుపు తగల్లేదు.

“మండీ ఏమయిందమ్మా?” అని అడిగాను, అది కూడా పోయిందేమోనన్న భయంతో.

“ఊరి బయట రేకుల షెడ్డు బాడుగకు తీసుకున్న్యాడు” అంది ఆమె. “నేను దుమ్ములో నుంచి పోయేదానికి దుడ్డు లేదు గదా. దుమ్మునే నా తావ నుంచి తోలేసినాడు. సైకిలేసుకుని పొద్దున పోతాడు, సాయంత్రం వస్తాడు. ఈ వయసులో ఉద్యోగస్తుడయినాడు మా ఆయన.”

అంతసేపు మాట్లాడినా ఆమె దగ్గింది రెండుసార్లే. నేను లెక్కపెట్టాను.

“ముందే ఈ పని సేసింటే స్థలం కొనే పనే ఉండేది కాదు గదమ్మా” అన్నాను.

“ముందు అంత తెలివి యాడ ఉండేది? ఇల్లూ మండీ ఒక చోట ఉంటే కాపలాకు బాగుంటాదనేవాడు. ఇప్పుడు కాపలా కాయాల్సిన రహస్యం ఏముండాది?” అంది.

సాయంత్రం ఆయన వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి, కాళ్లు కడుక్కుని, డబ్బా తాళం తీసి నాణేలు పళ్లెంలో గుమ్మరించాడు. ఆమె కొత్త పుస్తకం తెరిచింది. ఇప్పుడు బస్తాకు ఇంత అని లేదు కాబట్టి బస్తాల లెక్క ఆమెకు అక్కర్లేదు. అయినా కలం పట్టుకుని ఆయన వైపు చూసింది.

“ఎన్ని?”

“ముప్పై నాలుగు” అన్నాడు ఆయన.

ఆమె రాసింది. నేను ఆయన షెడ్డు నుంచి తెచ్చిన లెడ్జరు తీసి, ఆ తేదీ దగ్గర వేలు పెట్టి చూశాను. అక్కడ కూడా ఆయన చేతిరాతతో, అప్పుడే ఆరిన సిరాతో, ముప్పై నాలుగు అనే ఉంది.